పార్టీల లెక్కలకు అందని రాష్ట్రపతి
1967లో జాకీర్ హుస్సేన్ విజయావకాశాలపై సొంత పార్టీలోనే సందేహాలు

న్యూఢిల్లీ: 1967 మే 6వ తేదీన రాష్ట్రపతి పదవికి పోలింగ్ జరిగినప్పుడు పాలక కాంగ్రెస్ పార్టీ తన అభ్యర్థి గెలుపుపై గట్టి భరోసాతో లేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రాష్ట్రపతి ఎన్నిక ఫలితం గురించి ఢిల్లీలో అంత ఉత్కంఠ నెలకొనడం అదే మొదటిసారి. బరిలో ఉన్నది ఐదేళ్లపాటు ఉపరాష్ట్రపతిగా వ్యవహరించిన విద్యావేత్త డాక్టర్ జాకీర్ హుస్సేన్. ఆయన యోగ్యతను ప్రతిపక్షాలు కూడా శంకించలేదు. ఒక ముస్లిం అభ్యర్థికి అన్ని రాష్ట్రాల శాసన సభ్యులు ఓటు వేస్తారా, గెలిచినా ఆయన పార్టీలకు అతీతంగా నిలబడగలరా అన్నవే నాటి ప్రశ్నలు.

హైదరాబాద్‌లో జననం

జాకీర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో జన్మించారు. వారి కుటుంబం ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్‌కు చెందిన అఫ్రిదీ పఠాన్ల వంశం. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ నిజాం రాజధానిలో న్యాయవాద వృత్తి చేపట్టి స్థిరపడ్డారు. ఏడుగురు అన్నదమ్ములలో జాకీర్ మూడవవారు. ఆయనకు పదేళ్ల వయసులో తండ్రి కన్నుమూయడంతో కుటుంబం కాయంగంజ్‌కు తిరిగి వెళ్లింది. 1911లో ప్లేగు వ్యాధి తల్లిని కూడా బలిగొన్నది. ఇటావాలోని ఇస్లామియా పాఠశాలలోను, ఆపై అలీగఢ్ కళాశాలలోను ఆయన విద్యాభ్యాసం సాగింది.

1920లో గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు అలీగఢ్‌ను కుదిపివేసింది. ప్రభుత్వ సహాయంతో నడిచే కళాశాలను విడిచి వచ్చిన విద్యార్థులలో జాకీర్ హుస్సేన్ ఒకరు. ఆ ఏడాది అక్టోబర్ 29న అలీగఢ్‌లోనే జామియా మిలియా ఇస్లామియా ఆవిర్భవించింది. రెండేళ్ల తరువాత ఆయన జర్మనీ వెళ్లి, బ్రిటిష్ ఇండియా వ్యవసాయ వ్యవస్థపై పరిశోధించి 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. గాలిబ్ కవితా సంపుటిని ఆయన బెర్లిన్‌లోనే ముద్రింపజేశారు.

నూటయాభై రూపాయల ప్రతిజ్ఞ

ఆయన తిరిగి వచ్చేసరికి ఢిల్లీకి తరలిన జామియా మూసివేత అంచున ఉంది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారడంతో విరాళాలు ఆగిపోయాయి. జామియా ఇచ్చే పట్టాలకు ప్రభుత్వ గుర్తింపు లేదు. 29 ఏళ్ల వయసులో దాని సారథ్యం స్వీకరించిన జాకీర్ హుస్సేన్ 22 సంవత్సరాలు ఆ బాధ్యత మోశారు. 1928లో ఆయనతో సహా కొందరు అధ్యాపకులు నెలకు రూ.150కి మించి జీతం తీసుకోకుండా 20 ఏళ్లు పనిచేస్తామని ప్రతిజ్ఞ చేశారు. చేతిలో డాక్టరేట్, ఎదుట పెద్ద ఉద్యోగాల అవకాశాలు ఉన్న యువకులు ఇటువంటి నిర్ణయం తీసుకోవడం ఆ రోజుల్లో అరుదు.

1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభ అనంతరం ప్రాథమిక విద్యా ప్రణాళిక రూపకల్పన కమిటీకి ఆయన అధ్యక్షులయ్యారు. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, చేతివృత్తి ఆధారంగా చదువు దాని ముఖ్యాంశాలు. ముస్లిం లీగ్ ఈ పథకాన్ని తీవ్రంగా విమర్శించింది. 1946లో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పాటుపై సంప్రదింపులు సాగినప్పుడు, కాంగ్రెస్ పక్షాన ఆయన పేరు ప్రస్తావనకు రాగా జిన్నా అభ్యంతరం తెలిపారు. అయినా అదే ఏడాది నవంబర్‌లో జామియా రజతోత్సవ వేదికపై నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీఖాన్‌లను ఒకచోట కూర్చోబెట్టిన ఘనత ఆయనదే. దేశంలో రగులుతున్న మత విద్వేషాగ్నిని ఆర్పవలసిందిగా ఆ నాయకులందరికీ ఆయన విజ్ఞప్తి చేశారు.

ఆ విజ్ఞప్తి ఫలించలేదు. 1947 ఆగస్టులో కాశ్మీర్‌కు ప్రయాణిస్తూ జలంధర్ రైల్వే స్టేషన్‌లో అల్లరి మూకకు చిక్కిన ఆయన వెంట్రుకవాసిలో ప్రాణాపాయం తప్పించుకున్నారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి ఆయనను కాపాడారు. విభజన ఆ కుటుంబాన్ని కూడా చీల్చింది. సోదరుడు మహమూద్ హుస్సేన్ పాకిస్థాన్‌ను ఎంచుకుని అక్కడ కేంద్ర మంత్రి పదవి నిర్వహించారు. మరో సోదరుడు యూసుఫ్ హుస్సేన్ హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులుగా పనిచేశారు.

1948లో అలీగఢ్ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ పదవి ఆయనను వరించింది. పాకిస్థాన్ ఉద్యమానికి కేంద్రంగా ముద్రపడిన ఆ సంస్థను తిరిగి నిలబెట్టడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 1957లో బీహార్ గవర్నర్‌గా, 1962లో ఉపరాష్ట్రపతిగా బాధ్యతలు చేపట్టిన ఆయనకు 1963లో భారతరత్న పురస్కారం లభించింది.

తలకిందులైన బలాబలాలు

1967 సార్వత్రిక ఎన్నికలు కాంగ్రెస్‌ను గట్టి దెబ్బతీశాయి. లోక్‌సభలో దాని బలం 283కు పడిపోయింది. పలు రాష్ట్రాలు చేజారాయి. పార్టీ అధ్యక్షుడు కామరాజ్ స్వయంగా విరుదునగర్‌లో ఓటమి చవిచూశారు. పార్లమెంటు సభ్యులతో పాటు రాష్ట్రాల శాసన సభ్యులు కూడా ఓటర్లుగా ఉండే రాష్ట్రపతి ఎన్నికలో ఈ మార్పు ప్రభావం తప్పనిసరి. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను మరోమారు కొనసాగించి, జాకీర్ హుస్సేన్‌ను ఉపరాష్ట్రపతిగానే ఉంచడం క్షేమమని కామరాజ్ భావించారు. ప్రధాని ఇందిరాగాంధీ ఇందుకు సుముఖంగా లేరు. రాధాకృష్ణన్ తాను పోటీలో ఉండబోనని స్పష్టం చేయడంతో జాకీర్ హుస్సేన్ అభ్యర్థిత్వం ఖాయమైంది.

ప్రతిపక్షాలు ఒక తెలుగువారిని ఎంపిక చేశాయి. రాజమండ్రిలో జన్మించి, గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు అప్పుడు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకు లేదని తేల్చిన గోలక్‌నాథ్ కేసు తీర్పు ఆ ఏడాది ఫిబ్రవరి 27న ఆయన నాయకత్వంలోని ధర్మాసనం నుంచే వెలువడింది. ఆయన ఏప్రిల్ 11న పదవికి రాజీనామా చేసి రంగంలోకి దిగారు. దేశ ప్రధాన న్యాయమూర్తి పదవి నుంచి నేరుగా ఎన్నికల బరిలోకి రావడం న్యాయవాద వర్గాలలో విమర్శలకు తావిచ్చింది.

జాకీర్ హుస్సేన్ భవితవ్యాన్ని ఒక్కో పక్షం ఒక్కో కొలమానంతో కొలిచింది. ఆయన ఎన్నికైతే కేంద్ర ప్రభుత్వం చేతిలో రబ్బరు స్టాంపుగా మిగిలిపోతారని, కాంగ్రెసేతర రాష్ట్ర ప్రభుత్వాలకు రక్షణ ఉండదని స్వతంత్ర, జనసంఘ్ తదితర పక్షాలు వాదించాయి. కేంద్రానికి ఎదురు చెప్పగల న్యాయకోవిదుడు కావాలన్నది వారి తర్కం. కాంగ్రెస్ ఓట్లలో చీలిక వస్తుందన్న ఆశ కూడా వారిలో లేకపోలేదు. కాంగ్రెస్‌లో ఒక వర్గం ఆయనను లౌకికవాదానికి ప్రతీకగా చూడగా, మరో వర్గం నష్టభయంతో సతమతమైంది. ఆయన ఓడితే ఇందిరాగాంధీ నాయకత్వానికే ముప్పు తప్పదన్న అభిప్రాయం రాజధానిలో వ్యాపించింది. ఇన్ని లెక్కల నడుమ నాలుగు దశాబ్దాల ఆయన విద్యాసేవ వెనుకకు పోయింది.

మే 9న వెలువడిన ఫలితం ఈ అంచనాలను తారుమారు చేసింది. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 విలువగల ఓట్లు లభించాయి. తేడా లక్షకు పైబడింది. కాంగ్రెస్‌లో చీలిక కోసం ఎదురుచూసిన పక్షాలకు నిరాశే మిగిలింది. రాజ్యాంగంలోని సర్వమత సమానత్వం శాసన సభ్యుల బ్యాలెట్ పత్రాలలో కూడా చెల్లుబాటవుతుందని తేలింది.

పదవిలో పరీక్ష

మే 13న ప్రమాణ స్వీకారం చేసిన కొత్త రాష్ట్రపతి భారతదేశమంతా తన ఇల్లేనని, ప్రజలందరూ తన కుటుంబమేనని ప్రకటించారు. అయితే ప్రతిపక్షాల అనుమానాలకు పరీక్ష త్వరలోనే ఎదురైంది. ఫిరాయింపులతో, కూటముల కలహాలతో రాష్ట్ర ప్రభుత్వాలు వరుసగా కూలాయి. 1967 నవంబర్‌లో హర్యానా, 1968 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్, జూన్‌లో బీహార్, ఆగస్టులో పంజాబ్ రాష్ట్రపతి పాలన కిందికి వచ్చాయి. ఆ ఉత్తర్వులన్నింటిపై ఉన్నది జాకీర్ హుస్సేన్ సంతకమే. మంత్రిమండలి సలహాను ఆయన కాదనలేదు. ఈ మేరకు విమర్శకుల జోస్యం కొంత నిజమైనట్లే. కాని ఆ రాష్ట్రాలలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. 1969 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్‌లో కాంగ్రెసేతర కూటమి తిరిగి అధికారం చేపట్టింది.

ఉర్దూ అభిమానులకు కూడా కొంత ఆశాభంగం తప్పలేదు. 1954లో ఉత్తరప్రదేశ్‌లో ఉర్దూకు గుర్తింపు కోరుతూ లక్షలాది సంతకాలతో నాటి రాష్ట్రపతికి వినతిపత్రం అందించిన నాయకుడు ఆయనే. ఇప్పుడు వినతులు స్వీకరించే స్థానంలో ఉండి కూడా రాజ్యాంగ పరిమితులను దాటలేదు. ఎవరి పక్షానా నిలువకపోవడమే ఆయన నిష్పాక్షికతకు నిదర్శనంగా మిగిలింది.

ఐదేళ్ల పదవీకాలం పూర్తిచేసే అవకాశం ఆయనకు దక్కలేదు. 1969 మే 3న రాష్ట్రపతి భవన్‌లో గుండెపోటుతో హఠాన్మరణం చెందారు. పదవిలో ఉండగా కన్నుమూసిన మొదటి రాష్ట్రపతి ఆయనే. తాను తీర్చిదిద్దిన జామియా ప్రాంగణంలోనే భౌతికకాయాన్ని ఖననం చేశారు.

1967లో ప్రతిపక్షాలు ఆశించిన కాంగ్రెస్ చీలిక ఆయన వారసుని ఎన్నికలో సంభవించింది. 1969 ఆగస్టులో పార్టీ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఇందిరాగాంధీ మద్దతు పొందిన వి.వి. గిరి చేతిలో 4,20,077 - 4,05,427 తేడాతో ఓడిపోయారు. ఆ ఏడాది చివరకు పార్టీయే రెండుగా విడిపోయింది. గెలవడమే కష్టమని సొంత పార్టీ పెద్దలే సందేహించిన జాకీర్ హుస్సేన్‌కు రెండేళ్ల క్రితం లభించిన ఆధిక్యం, ఆ పార్టీ ఐక్యంగా ఉండి సాధించిన చివరి రాష్ట్రపతి ఎన్నిక విజయంగా చరిత్రలో నిలిచిపోయింది.