మృత్యువును గణించిన వైద్యుడు: డానియల్ బెర్నూలీ

పదునెనిమిదవ శతాబ్దపు ఐరోపాలో మశూచికము సోకని బాల్యము అరుదు. బిడ్డ ఆ గండము గడచువరకు తల్లిదండ్రులకు నిశ్చింత లేకుండెను. ఆ భయమును అంకెలలోనికి దింపి, మానవుడు చేయదగిన దేమో తేల్చబూనిన మహనీయుడు డానియల్ బెర్నూలీ.

ఆతడు 1700 ఫిబ్రవరి 8వ తేదీన హాలెండు దేశమందలి గ్రోనింజెన్ నగరమున జన్మించెను. తండ్రి యోహాన్, పెదతండ్రి యాకోబ్ గణితమున జగద్విఖ్యాతులు. అయినను తండ్రి కుమారుని వర్తకమున ప్రవేశపెట్టదలచి, తుదకు వైద్యవిద్యకు అంగీకరించెను. 1721లో శ్వాసక్రియను గూర్చిన వ్యాసముతో డానియల్ వైద్యపట్టము నందెను. గణితమును మాత్రము విడువలేదు. 1725లో అన్న నికొలాస్‌తో కలసి సెంట్ పీటర్స్‌బర్గు చేరెను. మరుసటి యేడే అన్న మరణించెను. 1733లో డానియల్ బేసెలు నగరమునకు మరలి వచ్చెను. 1734లో పారిస్ అకాడమీ తన బహుమానమును తండ్రీకొడుకులకు పంచి యీయగా, కుమారుడు తనకు సాటియగుట తండ్రి సహింపలేకపోయెను.

1760లో డానియల్ ఆ అకాడమీకే మశూచికముపై తన గణనను సమర్పించెను. నాడు రోగి పొక్కులలోని రసమును ఆరోగ్యవంతుల దేహమున కెక్కించు పద్ధతి యుండెను. దానివలన రోగము సాధారణముగా తేలికగా వచ్చి పోవును. కాని కొందరు మరణించెడివారు. హేలీ కూర్చిన బ్రెస్లావు నగర మరణపట్టికను ఆధారముగా గొని, రోగము సోకనివారిలో ఏటేట 8 మందిలో ఒకరికి అది సోకుననియు, సోకినవారిలో 8 మందికి ఒకరు మరణింతురనియు ఆతడు భావించెను. మశూచికమే లేకున్నచో సగటు ఆయువు 26 సంవత్సరముల 7 నెలలనుండి 29 సంవత్సరముల 9 నెలలకు పెరుగునని తేలెను. రసము నెక్కించుటవలన 200 మందికి ఒకరు మరణించినను, సుమారు మూడేండ్ల లాభము మిగులును.

దలాంబేరు దీనిని ఆక్షేపించెను. రాజ్యమునకు సగటు చాలును. కాని నేడు బిడ్డను అపాయమున కొప్పగించు తండ్రికి ఎన్నడో చేకూరు ఏండ్లు ఓదార్పు కానేరవని ఆతని వాదము. లాభనష్టముల విలువ మనిషి స్థితిని బట్టి మారునని 1738లో నిరూపించినవాడు డానియలే. కావున ఆ ఆక్షేపణ ఆతని సిద్ధాంతమునకు పరాయిది కాదు.

1782 మార్చి 17వ తేదీన ఆతడు బేసెలులో కన్నుమూసెను. 1796లో జెన్నరు గోమశూచి రసముతో అపాయమును మిక్కిలి తగ్గించెను. 1980లో ప్రపంచారోగ్య సంస్థ మశూచికము సమసిపోయినదని ప్రకటించెను. పొంగు మొదలగు శిశురోగముల వ్యాప్తిని నేడు గణించువారును, రోగము సోకదగినవారిని, సోకి కోలుకొన్నవారిని వేరుచేసిన ఆతని మార్గముననే నడచుచున్నారు. సగటు లాభమును తల్లిదండ్రుల హృదయమునకు నచ్చజెప్పు భారము మాత్రము నేటికిని మిగిలియే యున్నది.