గుంటూరులో జాన్సెన్ కనిపెట్టింది హీలియం కాదు

మీది వెల్దుర్తి అనుకోండి. డిగ్రీ అయింది. మాచర్ల వెళ్లి బస్సెక్కి గుంటూరులో కోచింగ్‌కు చేరారు. చేతిలో జీకే బిట్ బ్యాంకు. అందులో ఒక ప్రశ్న: హీలియంను మొదట ఎక్కడ కనుగొన్నారు? జవాబు గుంటూరు. కనుగొన్నది ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్, 1868 ఆగస్టు 18న, సూర్యగ్రహణం రోజు. మన ఊరి పేరు కదా, చదవగానే కాస్త గర్వంగా ఉంటుంది. టిక్ కొట్టి తర్వాతి బిట్‌కు వెళ్లిపోతారు.

కాస్త ఆగండి. తేదీ నిజమే. ఆయన గుంటూరు రావడం నిజమే. గ్రహణమూ నిజమే. ఆ ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో చంద్రుడి నీడ వనపర్తి వైపు నుంచి వచ్చి, మీ పల్నాడు మీదుగా గుంటూరు, బందరు దాటి సముద్రంలోకి పోయింది. వెల్దుర్తిలోనూ పట్టపగలు చీకటి పడింది. అయితే ఆ రోజు జాన్సెన్ గుంటూరులో కనిపెట్టింది హీలియం కాదు, వేరొకటి. దాని గురించి మన పత్రికల్లో చదివే అవకాశం తక్కువ. ఇందులో తప్పు మీది కాదు, ఎక్కువ భాగం మా పత్రికలవాళ్లదే.

ముందు ఆ మనిషి గురించి తెలుసుకోండి. మీకు పనికొచ్చే జీవితం.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో పుట్టారు. తండ్రి సంగీతకారుడు. పసితనంలో జరిగిన ప్రమాదంలో కాలు దెబ్బతిని, జీవితమంతా కుంటుతూనే నడిచారు. అందరు పిల్లల్లా బడికి పోలేదు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది కావడంతో పదహారేళ్లకే బ్యాంకులో పనికి కుదిరారు. పగలు లెక్కల పుస్తకాలు, మిగిలిన టైంలో చదువు. డిగ్రీ చేతికొచ్చేసరికి 28 ఏళ్లు. తోటివాళ్లంతా ఎక్కడో స్థిరపడిపోయారు, నేనింకా నోటిఫికేషన్లు చూస్తూ కూర్చున్నానని మీకు అనిపించే రోజులుంటాయి కదా, అలాంటివి ఆయనకు చాలానే నడిచాయి. కొన్నాళ్లు తాత్కాలిక టీచరుగా చేశారు. 1857లో భూమి అయస్కాంత రేఖల కొలతల కోసం పెరూ వెళ్లారు. అక్కడ జబ్బుపడి తిరిగొచ్చారు. డాక్టరేట్ వచ్చింది 1860లో.

అప్పటికి ఏడాది ముందే జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు పెద్ద దారి తెరిచారు. వెలుతురును గాజు పట్టకం గుండా పంపి రంగులుగా విడదీస్తే, అందులో కనిపించే గీతలను బట్టి ఆ వెలుతురు ఏ పదార్థం నుంచి వచ్చిందో చెప్పొచ్చు. ఆ పరికరం పేరు స్పెక్ట్రోస్కోప్. జాన్సెన్ దీన్ని పట్టుకున్నారు. అయితే ఆయనకు ఒక అనుమానం వచ్చింది. సూర్యకాంతిలో కనిపించే గీతలన్నీ సూర్యుడివేనా? మధ్యలో ఉన్న మన గాలి కూడా కొన్ని గీస్తోందా? తేల్చడానికి 1864లో జెనీవా సరస్సు ఒడ్డున ఒక ఊళ్లో పెద్ద మంట వేయించి, దాన్ని ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి చూశారు. మధ్యలో గాలి తప్ప ఇంకేమీ లేదు. గీతలు కనబడ్డాయి! అంతటితో ఆగలేదు. పారిస్ గ్యాస్ ఫ్యాక్టరీలో 37 మీటర్ల గొట్టాన్ని నీటి ఆవిరితో నింపి, ఆ గీతల్లో కొన్ని నీటి ఆవిరివేనని నిరూపించారు. కనిపించిన ప్రతిదాన్నీ సూర్యుడి ఖాతాలో వేసేయని మనిషి. ఆయన పేరు మీద మనం హీలియం వేసేశాం.

ఇక గుంటూరు. అప్పట్లో గుంటూరు జిల్లా కేంద్రం కూడా కాదు, కృష్ణా జిల్లాలో ఒక పట్నం, అంతే. పత్తి వ్యాపారం చేసే ఒక ఫ్రెంచి ఆయన ఇంట్లో జాన్సెన్ మకాం పెట్టారు. అదే ఊళ్లో మేజర్ టెన్నంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం కూడా దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ బందరులో ఉన్నారు. ఆ అబ్జర్వేటరీలోనే పనిచేసే మన దేశీయుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో. అంటే తెలుగు నేల మీద ఆ ఉదయం ఒకేసారి ఇన్ని దుర్భిణీలు పైకి తిరిగాయన్నమాట.

ఐదు నిమిషాలకు పైగా చీకటి. నల్లటి చంద్రుడి అంచున ఎర్రగా నాలుకలు చాస్తున్న సౌరజ్వాలలు. అవి ఏమిటో అప్పటికి ఎవరికీ కచ్చితంగా తెలియదు. జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్‌ను వాటి వైపు తిప్పగానే చీకటి మీద మెరుస్తున్న గీతలు కనిపించాయి. అవి మండుతున్న వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఇది ఆయనొక్కరే కాదు, ఆ రోజు చాలామంది చూశారు.

తర్వాత ఆయన మెదడులో మెరిసిందే అసలు విషయం. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనబడాలి కదా అనుకున్నారు. మామూలు రోజుల్లో సౌరజ్వాలలు కనబడకపోవడానికి కారణం ఆకాశపు వెలుతురు వాటిని ముంచెయ్యడం. స్పెక్ట్రోస్కోప్‌లో ఆ ఆకాశపు వెలుతురు అన్ని రంగుల్లోకీ పరుచుకుని పలచబడిపోతుంది. జ్వాలల వెలుతురు మాత్రం కొద్ది గీతల్లోనే ఉంటుంది కాబట్టి పలచబడదు. ఆ రోజే చూద్దామంటే మబ్బు పట్టింది. మర్నాడు పొద్దున్నే సూర్యుడి అంచు మీద పరికరం పెట్టారు. గీతలు అక్కడే ఉన్నాయి. గ్రహణం లేదు, చంద్రుడు అడ్డులేడు. అంతవరకు ప్రపంచంలో ఏ మూలో, ఏ ఏడాదికో దొరికే నాలుగైదు నిమిషాల కోసం ఓడలెక్కి తిరిగిన శాస్త్రవేత్తలకు ఇక ఎండ కాసిన ప్రతి రోజూ సౌరజ్వాలలు చూసే వీలు దొరికింది. పదిహేడు రోజులపాటు ఆయన గుంటూరులో చేసింది ఈ పనే. గుంటూరు గొప్పగా చెప్పుకోవాల్సిందీ ఇదే. హీలియం కంటే ఇది తక్కువదేం కాదు, నా లెక్కలో ఎక్కువే.

సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్ అకాడమీకి ఉత్తరం రాశారు. సూయజ్ కాలువ అప్పటికింకా తెరవలేదు. ఉత్తరం చేరేలోపు అక్టోబరు 20న ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్, గుంటూరు సంగతి తెలియకుండానే, గ్రహణంతో పనిలేకుండా అవే గీతలు చూశారు. ఇద్దరి కబురూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో అకాడమీ ముందుకు వచ్చింది. ఎవరు ముందు అని కొట్లాడుకోవాల్సిన చోట ఇద్దరూ స్నేహితులయ్యారు. ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి బొమ్మలతో ఒక పతకం కూడా వేయించింది.

మరి హీలియం ఎక్కడిది? ఆ గీతల్లో పసుపు రంగుది ఒకటుంది. గ్రహణం రోజు చూసినవాళ్లలో చాలామంది దాన్ని ఉప్పులో ఉండే సోడియం గీత అనుకున్నారు. సరిగ్గా దాని చోటే కాదేమో అన్న సందేహం పోగ్సన్‌కు బందరులో వచ్చింది కానీ, ఆయన నివేదికను పట్టించుకున్నవాళ్లు తక్కువ. అది సోడియం కాదని తేల్చి, కొత్త మూలకమై ఉండొచ్చన్న ఆలోచన దాకా వెళ్లింది లాకియర్. ఆ మాట చాలామంది రసాయన శాస్త్రవేత్తలు నమ్మలేదు. 1895లో విలియం రామ్జే ఒక యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును బయటికి తీశాకే నోళ్లు మూతపడ్డాయి. గుంటూరు నుంచి జాన్సెన్ రాసిన దాంట్లో కొత్త మూలకం ప్రస్తావనే లేదు.

అలాంటప్పుడు ఈ తప్పు ఎలా పుట్టింది? పతకం మీద రెండు బొమ్మలున్నాయి. అది సౌరజ్వాలలు చూసే పద్ధతికి ఇచ్చిందన్న సంగతి కాలక్రమంలో జారిపోయి, ఇద్దరూ కలిసి హీలియం కనిపెట్టారన్న మాట మిగిలింది. పైగా ఒక చిన్న వార్తలో మూడు ఊళ్లు, నలుగురు మనుషులు, 27 ఏళ్లు ఇమడవు. ఒక పేరు, ఒక ఊరు, ఒక తేదీ అయితే హెడ్డింగ్‌కు సరిపోతుంది. ఒకరు రాసింది ఇంకొకరు, వాళ్లది బిట్ బ్యాంకు వాళ్లు. అంతరిక్షం వార్తల్లో ఇలా కుదించి రాయడం మాకు పాత అలవాటు. 1979లో స్కైలాబ్ పడుతుందన్న సగం సగం కబుర్లు చేరి, తెలుగు పల్లెల్లో కోళ్లు, మేకలు కోసుకుని తిన్నవాళ్లున్నారు. దాని మీద ఈమధ్య సినిమా కూడా వచ్చింది. గుంటూరు హీలియం వల్ల ఎవరి మేకా పోలేదు. ఒక మార్కు పోవచ్చు.

కాబట్టి పరీక్షలో ఈ బిట్ వస్తే ప్రశ్న నిదానంగా చదవండి. ఆ గీత కనిపించిన గ్రహణం ఏ ఏడాది అంటే 1868. కొత్త మూలకంగా గుర్తించింది ఎవరంటే లాకియర్. భూమ్మీద వేరుచేసింది రామ్జే. గ్రహణం లేకుండా సౌరజ్వాలలు చూసే పద్ధతి అంటే జాన్సెన్, లాకియర్ ఇద్దరూ. కీలో గుంటూరు అని ఉంటే అభ్యంతరం పెట్టడానికి పై తేదీలు మీ దగ్గరుంటాయి.

జాన్సెన్ కథ గుంటూరుతో అయిపోలేదు. 1870లో పారిస్‌ను ప్రష్యా సైన్యం ముట్టడించి ఉంటే, డిసెంబరు 2న బెలూన్ ఎక్కి సైన్యం తలల మీదుగా బయటపడ్డారు. అల్జీరియాలో గ్రహణం చూడాలని. తీరా అక్కడికి వెళితే మబ్బులు! మరుసటి ఏడాదే మళ్లీ మన దేశానికి, ఈసారి నీలగిరులకు వచ్చి గ్రహణం చూశారు. 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటేటప్పుడు జపాన్ వెళ్లి, వరసగా ఫొటోలు తీసే తుపాకీ లాంటి కెమెరా వాడారు. సినిమా కెమెరాకు అది పూర్వీకురాలు. ఆ శుక్రుడి దృశ్యమేనంటూ ఒక చిన్న వీడియో ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోంది. పరిశోధకుల అభిప్రాయం ప్రకారం అది బొమ్మ నమూనాతో చేసిన రిహార్సల్. చూశారా, పాపం ఆయన్ను ఇక్కడా వదల్లేదు.

పారిస్ పక్కన మ్యూడన్‌లో సొంతంగా ఒక అబ్జర్వేటరీ చేతికొచ్చేసరికి జాన్సెన్‌కు యాభై దాటాయి. అక్కడ దాదాపు ముప్పై ఏళ్లు సూర్యుడి ఫొటోలు తీయించారు. 66వ ఏట, ఆ కాలుతో నడవలేరు కాబట్టి, మనుషులు మోస్తూ లాగుతూ ఉండగా యూరప్‌లోని మోంబ్లాఁ పర్వతం ఎక్కారు. గాలి పలచగా ఉండే చోట నుంచి చూస్తే సూర్యుడి గీతలేవో, గాలి గీతలేవో ఇంకా బాగా తేలుతాయని. పాత అనుమానమే! మూడేళ్ల తర్వాత ఆ శిఖరం మీదే, మంచులో, ఒక చిన్న అబ్జర్వేటరీ కట్టించారు. 1907 డిసెంబరు 23న, 83 ఏళ్ల వయసులో, మ్యూడన్‌లో కన్నుమూశారు. మంచులో కట్టిన ఆ గది మెల్లగా కుంగిపోతుంటే 1909లో విప్పేశారు.