పందిని తరుముతూ వచ్చినవాడు రాత్రంతా కాపలా కాశాడు: భక్త కన్నప్ప కథ

ఈ వారం వీడియోలో బెలుం గుహలు చూశారు కదా. భూమి కింద 3,229 మీటర్ల పొడవున్న గుహ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీన్ని రికార్డుల్లోకి ఎక్కించాడు. 2002 నుంచి మనలాంటివాళ్లు టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్తున్నాం. లోపల కోటిలింగాలు అనే చోటుంది, గుర్తుందా? పైకప్పు నుంచి వేలాడే సున్నపురాయి కొసలన్నీ లింగాల్లా కనిపిస్తాయి. వాటిని ఎవరూ చెక్కలేదు, ఎవరూ ప్రతిష్ఠ చేయలేదు. వేల ఏళ్లు నీటి బొట్లు కారి కారి అలా తయారయ్యాయి.

ఆ షాట్ ఎడిట్ చేస్తున్నంతసేపూ నాకు ఒక్కడే గుర్తొస్తూ ఉన్నాడు. కొండ మీద ఒంటరిగా ఉన్న లింగాన్ని చూసి, ఇది రాయి అని ఒక్క క్షణం కూడా అనుకోని వేటగాడు. పేరు తిన్నడు. మనందరికీ తెలిసిన పేరు భక్త కన్నప్ప.

బెలుంకీ కాళహస్తికీ ఏంటి సంబంధం అంటారా? బెలుం నుంచి తూర్పుగా వెళ్తే ఆళ్లగడ్డ, అది దాటితే నల్లమల కొండలు, అక్కడ అహోబిలం. ఈ కొండల వరుసని మన పెద్దవాళ్లు ఆదిశేషుడు అంటారు. శ్రీశైలం తోక, అహోబిలం నడుము, తిరుమల పడగ, శ్రీకాళహస్తి నోరు. అంటే మనం వీడియోలో చూపించింది నడుము దగ్గరి ఊళ్లు. ఈ కథ నోటి దగ్గర జరిగింది.

ఇంకో సంబంధం కూడా ఉంది. అహోబిలంలో కనుమ నాడు పారువేట ఉత్సవం మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకీ ఎక్కి నలభై రోజులకు పైగా ఊరూరూ తిరుగుతాడు, తన పెళ్లికి జనాన్ని పిలవడానికి. చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకీ వైపు బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి స్వామి వాళ్లకి అల్లుడు. అల్లుడితో ఆ మాత్రం సరసం ఉంటుంది మరి. ఈ కొండల్లో విల్లు పట్టుకున్నవాడు గుడికి పరాయివాడేమీ కాదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని కథలోకి రండి.

కన్నప్ప కథని పన్నెండో శతాబ్దంలో శేక్కిళార్ తమిళంలో పెరియ పురాణంలో చెప్పాడు. తెలుగులో పాల్కురికి సోమనాథుడు బసవ పురాణంలో చెప్పాడు, రాయల కాలంలో ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో చెప్పాడు. ఒక్కొక్కరి దగ్గర కొన్ని వివరాలు మారతాయి. నేను ఎక్కువగా శేక్కిళార్ వెనకాలే వెళ్తున్నా. ఎందుకంటే ఆయన వేట గురించి చాలా ఓపిగ్గా చెప్తాడు, నాకు ఈ కథలో వేట ముఖ్యం.

తిన్నడి ఊరు పొత్తపి నాడులోని ఉడుప్పూరు. మన కవుల దగ్గర అది ఉడుమూరు. రాజంపేట దగ్గరున్న ఊటుకూరే అదని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. తండ్రి నాగడు ఆ వేటగాళ్లకి దొర, తల్లి తత్త. చాలాకాలం పిల్లలు లేక, సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంటే పుట్టిన కొడుకు. ఎత్తుకుంటే దిట్టంగా, బరువుగా ఉన్నాడని తిన్నడు అని పేరు పెట్టారు. పెరిగాడు, విలువిద్య నేర్చాడు. తండ్రికి వయసైపోయి వేటకి ఓపిక తగ్గాక దొరతనం కొడుక్కి ఇచ్చేశాడు. ఇక్కడిదాకా మామూలు కథే.

దొర అయ్యాక తిన్నడు చేసిన మొదటి వేట గురించి చెప్పాలి. గూడెం మొత్తం కదిలింది. కుక్కలు, వలలు, డప్పులు. అడవిని ఒక పక్క వలలతో కట్టేసి, ఇంకో పక్క నుంచి జంతువుల్ని తరుముకొచ్చారు. ఇంత భీకరమైన వేట మధ్యలో శేక్కిళార్ ఒక విషయం గమనించి చెప్తాడు. ఆ వేటగాళ్లు ఏనుగు గున్నల్ని వెంటాడరు, చిన్న చిన్న పిల్లల్ని చంపరు, కడుపుతో ఉన్న లేడి జోలికి పోరు. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు ఆగిపోయాను. భక్తి కథలో వేటగాడు అంటే, మారకముందు క్రూరుడు, మారాక సాధువు అని ఒక టెంప్లేట్ ఉంటుంది కదా. తిన్నడి మనుషులు ఆ టెంప్లేట్‌లో పట్టరు. వాళ్లకి ముందు నుంచే ఒక కట్టుబాటు ఉంది.

అందులో దయ ఉంది, అనుభవమూ ఉందని నాకనిపిస్తుంది. అడవి తెలిసిన ఎవర్నైనా అడగండి, పిల్లలతో ఉన్న తల్లి కంటే ప్రమాదమైన జంతువు ఉండదంటారు. మామూలుగా మనిషి అలికిడికి పారిపోయే అడవిపంది, వెనకాల పిల్లలుంటే పారిపోవడానికి బదులు తిరగబడుతుంది. ఎలుగుబంటీ అంతే. అంబులపొదిలో ఎన్ని బాణాలున్నా, తల్లి మీదకొచ్చేటప్పుడు రెండోది తీసే టైం ఉండదు. చిన్నప్పటి నుంచి అడవిలో తిరిగిన తిన్నడికి ఇది తెలియకుండా ఉండదు. కాపలా కాసే జంతువు ఎలా నిలబడుతుందో వాడికి బాగా తెలుసు.

ఆ రోజు ఒక పెద్ద మగపంది వలలు తెంచుకుని పరుగెత్తింది. తిన్నడు వెంటపడ్డాడు. మిగతావాళ్లెవరూ అందుకోలేకపోయారు, నాణుడు, కాడుడు అనే ఇద్దరు మాత్రం వెనకాలే వచ్చారు. అలా చాలా దూరం పరుగు. చివరికి పందికి ఊపిరి చాలక ఒక చెట్టు నీడలో ఆగి నిలబడింది. తిన్నడు బాణం వేయలేదు. దూరం నుంచి కొట్టగలిగేవాడు కూడా, దగ్గరికి వెళ్లాడు. కోరలున్న పంది ఎదురుగా చేతికి అందేంత దూరంలో నిలబడి చురకత్తితో ఒక్క వేటు వేశాడు. అది రెండు ముక్కలైంది. వెనక వచ్చిన ఇద్దరూ నోరెళ్లబెట్టారు.

(ఒక పక్క మాట. ఇదే పందిని మనం అహోబిలంలో వరాహ నరసింహుడిగా మొక్కుతాం. మునిగిపోతున్న భూదేవిని కోర మీద ఎత్తి కాపాడింది వరాహమే. ఇంకోటి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇవాళ వేట నేరం. తిన్నడి పేరు చెప్పుకుని ఎవరూ అడవిలోకి బయల్దేరకండి.)

ఆకలి, దాహం. దగ్గర్లో స్వర్ణముఖి ఉందని నాణుడు చెప్పాడు. పందిని మోసుకుని అటు నడిచారు. ఏటి ఒడ్డున కాడుడు నిప్పు రాజేసే పనిలో పడ్డాడు. అవతల కనిపించే కొండ మీద దేవుడున్నాడని నాణుడు చెప్పగానే తిన్నడికి ఎందుకో అటు వెళ్లాలనిపించింది. కొండ ఎక్కుతుంటే ఒంటి మీది బరువేదో దిగిపోతున్నట్టు ఉందట వాడికి. పైన లింగం కనిపించింది. అంతే. పరుగెత్తి కౌగిలించుకున్నాడు, ముద్దు పెట్టుకున్నాడు, ఏడ్చాడు. చేతిలో విల్లు ఎప్పుడు జారి పడిపోయిందో కూడా వాడికి తెలియదు.

తర్వాత వాడికి వచ్చిన మొదటి ఆలోచన చూడండి. వరం అడగాలని రాలేదు, పాపాలు పోవాలనీ రాలేదు. ఏనుగులు, పులులు, ఎలుగులు తిరిగే ఈ అడవిలో ఈయన ఒక్కడే తోడు లేకుండా ఎలా ఉంటున్నాడు అని భయం వేసింది. రెండో ఆలోచన, ఈయన తిన్నాడో లేదో అని.

తిండి తేవాలంటే వదిలి వెళ్లాలి. వదిలి వెళ్తే ఈయన ఒంటరి. నాలుగడుగులు వేస్తాడు, వెనక్కొస్తాడు, కౌగిలించుకుంటాడు, మళ్లీ వెళ్తాడు, మళ్లీ ఆగి చూస్తాడు. ఇక్కడ శేక్కిళార్ వాడిని అప్పుడే ఈనిన ఆవుతో పోలుస్తాడు. దూడని వదిలి మేతకి పోలేక తిరిగి తిరిగి వచ్చే ఆవు. పల్లెటూరితో కొంచెం పరిచయం ఉన్నా ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. ఆ టైంలో దూడ దగ్గరికి ఇంటివాళ్లే వెళ్లినా కొమ్ము విసురుతుంది. ఉదయం జంతువుల్ని తరిమినవాడు సాయంత్రానికి పిల్లని కాచుకునే జంతువైపోయాడు.

తర్వాత కథ మీకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్తా. మాంసం కాల్చి, ఏ ముక్క మెత్తగా ఉందో నమిలి చూసి, మంచివి ఆకులో పెట్టుకున్నాడు. చేతులు ఖాళీ లేవు కాబట్టి అభిషేకానికి నీళ్లు నోట్లో, పూలు జుట్టులో. కొండెక్కి, లింగం మీదున్న పాత పూలని చెప్పు కాలితో తోసి, నోటి నీళ్లతో అభిషేకం చేసి, నైవేద్యం పెట్టాడు. దొరకి పిచ్చెక్కిందనుకుని తోడొచ్చినవాళ్లు గూడేనికి పరుగెత్తారు. తండ్రి వచ్చి బతిమాలినా వాడు కదల్లేదు.

చీకటి పడింది. తిన్నడు విల్లెక్కుపెట్టి లింగం పక్కన నిలబడ్డాడు. కూర్చోలేదు, కన్ను మూయలేదు. ఏ జంతువు వచ్చి స్వామిని ఏం చేస్తుందో అని రాత్రంతా అలాగే. మనం ఆన్‌కాల్‌లో ఉంటే ఫోన్ పక్కన పెట్టుకుని పడుకుంటాం, మోగితే లేవచ్చులే అని. వాడికి ఆ లేవచ్చులే లేదు. తెల్లారగానే స్వామి ఆకలి గుర్తొచ్చి వేటకి వెళ్లాడు. పగలు వేట, రాత్రి కాపలా. నిద్ర లేకుండా ఇలా రోజులు గడిచాయి.

సినిమాల వల్ల మనకి కన్నప్ప అంటే కళ్లే గుర్తొస్తాయి. 1976లో కృష్ణంరాజు, బాపు గారి భక్త కన్నప్ప దగ్గర్నుంచి 2025లో వచ్చిన కన్నప్ప దాకా అందరూ ఎదురుచూసేది ఆ సీన్ కోసమే. నా మటుకు నాకు ఈ రాత్రులే అసలు కథ. లోకాలన్నిటినీ కాచేవాడికి కాపలా కావాలా అని మనం అడుగుతాం. ఆ ప్రశ్న వాడికి తట్టనే లేదు.

పగలు వచ్చి పూజ చేసే శివగోచారిని చాలామంది విలన్‌లా చెప్తారు. నాకది నచ్చదు. ఆయన వచ్చేసరికి గర్భగుడి లాంటి చోట మాంసం, ఎముకలు. ఆయన వణికిపోయాడు, ఏడ్చాడు. అంతా ఊడ్చి, కడిగి, మళ్లీ స్నానం చేసి వచ్చి, శాస్త్రం ప్రకారం పూజ చేశాడు. ఆయన కూడా తనకి తెలిసిన పద్ధతిలో స్వామిని కాపాడుకుంటున్నాడు. ఇద్దరూ ఒకే లింగాన్ని కాచుకుంటున్నారు, ఒకరి శుభ్రం ఇంకొకరికి అపచారం.

ఈ గొడవ ఆ కొండకి కొత్త కాదు. శ్రీకాళహస్తి పేరులోనే ఉంది. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. సాలీడు లింగానికి గూడు అల్లింది. పాము మణులు తెచ్చి పెట్టింది. ఏనుగు వచ్చి, ఈ రాళ్లెవరు పెట్టారని మణుల్ని తోసేసి, నీళ్లు పోసి బిల్వాలు పెట్టింది. పాముకి కోపమొచ్చి తొండంలో దూరింది. చివరికి రెండూ చనిపోయాయి, స్వామి రెండింటికీ మోక్షం ఇచ్చాడు. తిన్నడు, శివగోచారి మధ్య నడిచిందీ అదే తగవు. ఈసారి ఎవరి ప్రాణమూ పోకముందే స్వామి అడ్డుపడ్డాడు.

శివగోచారికి కలలో కనిపించి, వాడి ప్రేమ ఏంటో రేపు చాటుగా ఉండి చూడమన్నాడు. అది ఆరో రోజు. తిన్నడు వేట నుంచి వచ్చేసరికి లింగం కుడి కంటి నుంచి రక్తం కారుతోంది. చేతిలో మాంసం, విల్లు కింద పడిపోయాయి. వాడు మొదట చేసింది కన్ను పీక్కోవడం అనుకుంటాం. మొదట చేసింది వెతకడం. తను కాపలా ఉండగా ఎవడు కొట్టాడు? మనిషా, మృగమా? విల్లు తీసుకుని చుట్టుపక్కల అడవంతా గాలించాడు. ఒక్క అడుగు జాడ కూడా దొరకలేదు. జాడ చూసి జంతువుని చెప్పగలిగే వేటగాడికి అంతకంటే దిక్కుతోచని పరిస్థితి ఉండదు.

తర్వాత తనకి తెలిసిన ఆకులు తెచ్చి పిండాడు, ఆగలేదు. మాంసానికి మాంసమే మందని గూడెంలో చెప్పుకునే మాట అప్పుడు గుర్తొచ్చింది. బాణంతో తన కన్ను పెకలించి అక్కడ పెట్టాడు. రక్తం ఆగింది. గంతులేశాడు, ఆడాడు. ఎడమ కంట్లో మొదలైంది. మందు దొరికింది కాబట్టి ఈసారి కంగారు లేదు. రెండో కన్నూ తీస్తే చోటు కనపడదు కదా, గుర్తు కోసం స్వామి కంటి మీద కాలు ఆనించి బాణం ఎత్తాడు. లింగం నుంచి చెయ్యి వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. కన్నప్పా, ఆగమని మూడుసార్లు పిలుపు వినిపించింది. చాటు నుంచి శివగోచారి అంతా చూస్తున్నాడు.

అంతకుముందు ఏ పూజా తెలియనివాడు, ఆరే రోజులు సేవ చేసి అరవై ముగ్గురు నాయన్మార్లలో ఒకడయ్యాడు. శంకరాచార్యులు శివానందలహరిలో ఈ వేటగాడినే తలుచుకుని ఒక శ్లోకం రాశారు.

మీరు శ్రీకాళహస్తి వెళ్తే రాహుకేతు పూజ టోకెన్ తీసుకుని తిరిగొచ్చేయకండి. గుడి పక్కనున్న కన్నప్ప కొండ ఎక్కండి. శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజారోహణం ఆ కొండ మీద కన్నప్పకే జరుగుతుంది, స్వామివారి జెండా ఎగిరేది ఆ తర్వాతే. పైనుంచి చూస్తే గుడి గోపురాలు, పక్కన స్వర్ణముఖి కనిపిస్తాయి. పందిని మోసుకుంటూ తిన్నడు దిగింది ఆ ఏట్లోనే.

హర హర మహాదేవ!