శంషాబాదు డాక్టరమ్మ

శంషాబాదు అనగానే నేటి మన పిల్లలకు విమానాశ్రయం గుర్తొస్తుంది. పాలమూరు, నల్లగొండ సంఘాల్లో తల నెరిసిన వారు మాత్రం అదే ఊళ్లో ఒకప్పుడు ఉన్న మిషన్ ఆసుపత్రి గురించి, దాన్ని నడిపిన దొరసాని డాక్టరమ్మ గురించి తమ పెద్దల నోట విని ఉంటారు. ఆమె డాక్టర్ కాథరీనా షెలెన్‌బర్గ్. మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ మన దేశానికి పంపిన మొదటి వైద్యురాలు.

ఆమె 1870లో నాటి దక్షిణ రష్యాలో, మొలోచ్నా అనే మెన్నొనైట్ వలస ప్రాంతంలో జన్మించారు. అది ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. వారి ఇంటి భాష జర్మన్. 1879లో కుటుంబం అమెరికాలోని కాన్సాస్‌కు తరలిపోయింది. తండ్రి అబ్రహాం షెలెన్‌బర్గ్ సంఘ పెద్ద. ఆమె బాలికగా ఉండగానే తల్లి కన్నుమూసింది. ఇంటికి పెద్ద కూతురు గనుక తోబుట్టువుల ఆలనాపాలనా ఆమె మీద పడింది. తల్లి పోయిన ఇల్లు ఎలా ఉంటుందో సమాధి కార్యక్రమాలు జరిపించే మాబోటి కాపరులకు తెలుసు. దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, చంటివాణ్ణి చంకనెత్తుకొని పొయ్యి ముందు కూర్చునేది పెద్దపిల్లే. ఏ వైద్య కళాశాలా నేర్పని పాఠం ఆమె అక్కడ నేర్చుకున్నారని నా నమ్మకం.

1907లో కాన్సాస్ సిటీలో హోమియోపతి వైద్య పట్టా అందుకునేనాటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు. అదే ఏడాది మన దేశానికి బయలుదేరారు. పెళ్లి చేసుకోలేదు.

అప్పుడు నైజాం సంస్థానాన్ని ఏలుతున్నది మహబూబ్ అలీ ఖాన్. మన మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆయన వల్లనే వచ్చింది. ఊళ్లలో కాన్పులన్నీ ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదనే. మంత్రసానిని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. నిర్గమకాండములో షిఫ్రా, పూయా ఎవరు? మంత్రసానులే గదా. మామూలు కాన్పును ఆమె నేర్పుగా, ఓర్పుగా చేసేది. కాని బిడ్డ అడ్డం తిరిగినా, మాయ పడకపోయినా, రక్తం ఆగకపోయినా ఆమె చేయగలిగింది తక్కువ. డాక్టరు ఎక్కడో పట్నంలో ఉండేవాడు, అతడూ మగవాడే. ఘోషా పాటించే ఇళ్లలోకి అతణ్ణి రానిచ్చేవారు కారు. తమిళ దేశంలో ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు ఈ కారణంగానే చనిపోవడం చూసి ఐడా స్కడ్డర్ వైద్య విద్యకు వెళ్లిన సంగతి మీలో చాలామంది ఎరుగుదురు.

గుంటూరులో 1883 నుండి సేవ చేసిన లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. తన భార్యకు ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు, రోగుల బంధువులు దిగేందుకు ఒక సత్రం కట్టించారు. గర్భిణి ఆసుపత్రికి ఒంటరిగా రాదు. తల్లి వస్తుంది, అత్త వస్తుంది. వారికి వంట చేసుకునే చోటు, తల దాచుకునే చోటు కావాలి. అవి లేకపోతే మందు ఎంత మంచిదైనా వారు రారు. రాజావారు అది గ్రహించారు.

షెలెన్‌బర్గ్ నాగర్‌కర్నూలులోను, మిషన్ వారి మరికొన్ని స్థావరాల్లోను పనిచేసి, చివరకు శంషాబాదులో స్థిరపడ్డారు. పట్నం నుండి పాలమూరు పోయే బాటలోనే ఆ ఊరు. అక్కడి ఆసుపత్రే ఆమె శేష జీవితం. ఆమె చేతిలో పెద్ద సాధనాలు లేవు. అయితే స్త్రీ గనుక మగ డాక్టరు గడప దాటలేని ఇంట్లోకి ఆమె వెళ్లగలిగారు.

ఇప్పుడు కాలం మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. షెలెన్‌బర్గ్ కలలో కూడా ఊహించని లెక్క ఇది! అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. 60.7 శాతం కాన్పులు కోత కాన్పులు. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. అంత కోత అవసరమా అని అడిగే ధైర్యం మన ఆడపిల్లలకు ఉందా? నేనొకసారి మా సంఘంలోని ఒక చెల్లెలి కోసం ప్రార్థన చేయడానికి వెళ్లి, కాన్పు గది బయట బల్ల మీద రాత్రంతా కూర్చున్నాను. లోపల నొప్పులతో అరుస్తున్న అమ్మాయిని ఎవరో కసురుకుంటున్న మాటలు వినపడ్డాయి. ఇక్కడ రాయదగినవి కావు. తెల్లవారి తల్లీ బిడ్డా క్షేమంగా బయటికి వచ్చారు. ఎలా చూసుకున్నారమ్మా అని అడిగితే బాగానే చూసుకున్నారయ్యగారూ అంది. బిడ్డ బతికితే చాలు, మిగతాదంతా భరించాలి అనేది మన ఆడవారికి అలవాటైపోయిన జవాబు. అధికారులు పట్టుకొచ్చే సంతృప్తి ఫారాల్లోకి కూడా ఆ జవాబే ఎక్కుతుందేమోనని నా అనుమానం. ప్రసవ వేదనలో ఉన్న రాహేలుకు భయపడవద్దని ధైర్యం చెప్పిన మంత్రసాని ఆదికాండములో ఉంది. రాహేలు బతకలేదు. అయినా ఆ ధైర్యపు మాటను లేఖనం మనకోసం భద్రపరచింది.

షెలెన్‌బర్గ్ 1945 జనవరి 1న, డెబ్బై నాలుగేళ్ల వయసులో, శంషాబాదులోనే ప్రభువునందు నిద్రించారు. మన సంఘాలు కొత్త సంవత్సరపు ఆరాధనకు కూడుకునే రోజది. ముప్పై ఏడేళ్ల క్రితం వదిలి వచ్చిన కాన్సాస్‌లో స్థిరపడటానికి ఆమె తిరిగి వెళ్లలేదు. 1950లలో మిషన్ వారు జడ్చర్లలో పెద్ద ఆసుపత్రి నెలకొల్పారు. ఈ పత్రిక చదివేవారిలో ఆ ఆసుపత్రిలో పుట్టినవారు కొందరైనా ఉంటారు.