జీతం వద్దన్న జార్జి ముల్లర్

జార్జి ముల్లర్ పాదిరి కావాలని ఆయన తండ్రి కోరుకున్నాడు. అయితే ఆ కోరిక భక్తి వల్ల కలిగింది కాదు. ఆయన ప్రష్యా ప్రభుత్వంలో పన్నులు వసూలు చేసే ఉద్యోగి. ఆ రోజుల్లో అక్కడి పాదిరికి మంచి జీతం, విశాలమైన ఇల్లు ఉండేవి. ముసలితనంలో కొడుకు ఇంట్లో నిశ్చింతగా గడపవచ్చన్నది ఆ తండ్రి లెక్క. దేవుని సేవను కూడా రేపటి భద్రతకు పెట్టుబడిగా చూసిన అలాంటి ఇంట్లో 1805 సెప్టెంబరు 27న ముల్లర్ పుట్టాడు.

కొడుకు ఆ లెక్కను చిన్నప్పుడే తప్పించాడు. పదేళ్లు నిండకముందే తండ్రి దగ్గరుండే ప్రభుత్వ సొమ్ము దొంగిలించేవాడు. తల్లి చనిపోతున్న రాత్రి పద్నాలుగేళ్ల ఈ కుర్రవాడు పేకాటలో మునిగి ఉన్నాడు. పదహారేళ్లకు సత్రంలో బస చేసి డబ్బు కట్టకుండా జారుకోబోయి జైలుపాలయ్యాడు. ఇలాంటివాడే తర్వాత హాలె విశ్వవిద్యాలయంలో వేదాంత విద్యార్థి అయ్యాడు! 1825 నవంబరులో ఒక శనివారం సాయంత్రం, స్నేహితుని వెంట ఒక వ్యాపారి ఇంట్లో జరిగే ప్రార్థన కూడికకు వెళ్లాడు. అక్కడ ఒక సహోదరుడు మోకరించి ప్రార్థించాడు. మోకాళ్లూని ప్రార్థించే మనిషిని ముల్లర్ అంతవరకు చూడనేలేదు. వేదాంతం చదివినవారికి ఇది కొంచెం మింగుడుపడని సంగతే. ఆ రాత్రితో ఆయన బ్రతుకు మారిపోయింది.

మిషనరీగా వెళ్తానని ఇంట్లో చెప్పగానే తండ్రి మండిపడ్డాడు, చివరికి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ తండ్రి కోరిక తీర్చలేనప్పుడు ఆయన డబ్బుతో చదువుకోవడం న్యాయం కాదని ముల్లర్‌కు తోచింది. చదువు ఇంకా మిగిలే ఉంది. అంతలో హాలెకు వచ్చిన కొందరు అమెరికన్ పండితులకు జర్మన్ భాష నేర్పే పని దొరికింది. ఆ ఫీజులతోనే రోజులు గడిచాయి.

1829లో ఆయన ఇంగ్లండు చేరాడు. మరుసటి సంవత్సరం టిన్‌మత్ అనే ఊళ్లో ఒక చిన్న సంఘానికి కాపరి అయ్యాడు. మేరీ గ్రోవ్స్‌ను పెళ్లి చేసుకున్నదీ ఆ 1830లోనే. మేరీ అన్న ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ బాగా సంపాదించే దంత వైద్యుడు. ఆ వృత్తిని వదులుకుని సువార్త కోసం బాగ్దాదుకు, తర్వాత మన దేశానికి వచ్చినవాడు. గోదావరి ప్రాంత విశ్వాసులకు ఈ పేరు కొత్త కాదు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సేవ చేసిన బౌడెన్, బీర్ దంపతులను 1836లో తనతోపాటు ఇండియాకు తీసుకొచ్చింది ఆయనే.

టిన్‌మత్‌లో ముల్లర్ జీతం ఎలా వచ్చేదో తెలిస్తే, ఆయన దాన్ని ఎందుకు వద్దన్నాడో అర్థమవుతుంది. ఆరాధనలో కూర్చునే బల్లలకు అద్దె వసూలు చేసేవారు. డబ్బున్నవారికి మంచి చోటు, పేదలకు మిగిలిన చోటు. దేవుని మందిరంలో ఈ తేడా ఆయన మనస్సాక్షిని గుచ్చింది. 1830లోనే స్థిరమైన జీతం మానుకుని, ఇష్టమున్నవారు వేయడానికి ఒక పెట్టె పెట్టించాడు. ఆ పెట్టె బాధ్యత చూసే సహోదరులు దాన్ని తెరిచేది సుమారు ఐదు వారాలకొకసారి. ఇంట్లో రొట్టెకు డబ్బు లేదు, మందిరంలో పెట్టె తాళం వేసి ఉంది. అయినా పెట్టె తెరవమని ఆయన అడగలేదు. లూకా 12:33ను అక్షరాలా తీసుకుని భార్యాభర్తలిద్దరూ ఉన్నది అమ్మి ఇచ్చేశారు. రోమా 13:8ని బట్టి ఎన్నడూ అప్పు చేయకూడదని కూడా తీర్మానించుకున్నారు.

1832లో వారు బ్రిస్టల్‌కు మారారు. అనాథాశ్రమాలు మొదలైంది అక్కడే. అయితే అనాథల మీది జాలి ఒక్కటే అందుకు కారణం కాదు. ఇళ్లు తిరిగి విశ్వాసులను పరామర్శించేటప్పుడు ముల్లర్‌కు ఎక్కడ చూసినా ఒకే భయం కనిపించేది. రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు కష్టపడేవాడు ప్రార్థనకు సమయం లేదనేవాడు. పని కాస్త తగ్గిస్తే ఇల్లు గడవదేమోనని దిగులు. ముసలివారికి చివరి రోజులు బీదల శరణాలయంలో గడపాల్సి వస్తుందేమోనని బెంగ. వ్యాపారి తన వ్యాపారంలో జరిగేది తప్పని తెలిసినా, వదిలితే రేపెలా అని సాగించేవాడు. వీరంతా ఆదివారం దేవుడు పోషిస్తాడని పాడేవారే! ప్రసంగంతో ఈ భయం పోదని ఆయనకు తెలుసు. ఒక మనిషి ఎవరినీ అడగకుండా ప్రార్థనతోనే అనాథలను పోషించగలిగితే, అది అందరూ కళ్లారా చూసే సాక్ష్యమవుతుందనుకున్నాడు. ఈ సంగతి ఆయనే స్పష్టంగా రాసిపెట్టాడు.

1836 ఏప్రిల్‌లో విల్సన్ వీధిలోని అద్దె ఇంట్లో 30 మంది ఆడపిల్లల కోసం మొదటి ఆశ్రమం తెరిచాడు. ఇంటి కోసం, డబ్బు కోసం, పనివారి కోసం ఆయన ముందుగానే ప్రార్థించాడు. తీరా దరఖాస్తులు తీసుకునే రోజున ఒక్కరూ రాలేదు. పిల్లలను పంపమని మాత్రం ప్రార్థించలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ప్రార్థించాడు. మర్నాడు మొదటి దరఖాస్తు అందింది.

పిల్లలు ఖాళీ బల్లల ముందు కూర్చుంటే రొట్టెలవాడు, పాలవాడు తలుపు తట్టిన కథ మన ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. ఆ కథకంటే ఆయన లెక్కల పుస్తకాలు మాకు ఎక్కువ బలమైన సాక్ష్యంగా తోస్తాయి. 1838లో చేతిలో ఏమీ లేని రోజులు వరుసగా వచ్చాయి. ఆ సంగతి తోటి పనివారికి మాత్రమే చెప్పాడు. వారు తమ దగ్గరున్నది తెచ్చి ఇచ్చారు. రొట్టెకు, పాలకు వారం చివర లెక్క తీర్చే పద్ధతి మాని, ఏ రోజు డబ్బు ఆ రోజే కట్టడం మొదలుపెట్టాడు. వారానికి లెక్క తీర్చడం కూడా ఆయన దృష్టిలో చిన్న అప్పే. వార్షిక నివేదిక అచ్చు వేయడమే ఒక రకంగా అడుక్కోవడం కదా అన్నవారూ ఉన్నారు. 1841 చివర, చేతిలో ఏమీ లేని వేళ, ఆయన ఆ నివేదికనే వాయిదా వేశాడు. తర్వాత కొన్ని నెలలు మరింత ఇరుకులో గడిచాయి.

ముల్లర్ పేరు చెప్పి విశ్వాసంతో అప్పు తెచ్చి మందిరం కట్టేవారున్నారు. కానుక వేస్తే పదింతలు తిరిగి వస్తుందని చెప్పేవారూ ఆయన పేరే వాడుకుంటారు. వారు ముల్లర్ జీవితంలో సగమే చదివారు. దేవుడు తనను ధనవంతుణ్ణి చేస్తాడని ఆయన ఎన్నడూ ఎదురుచూడలేదు. పిల్లల పేర వచ్చిన ప్రతి పెన్నీకి లెక్క చూపించాడు.

1849లో ఆష్లీ డౌన్‌లో సొంత భవనం తెరుచుకుంది. 1870 నాటికి ఐదు భవనాలు లేచాయి. ఒకేసారి 2,000 మందికి పైగా పిల్లలు ఉండగల చోటు అది. ఆయన జీవితకాలంలో 10,000 మందికి పైగా అనాథలు అక్కడ పెరిగారు. పరిచర్య అంతటికీ కలిపి ఆయన చేతుల మీదుగా సాగిన సొమ్ము సుమారు 15 లక్షల పౌండ్లు. సొంత అవసరాలకని వచ్చిన దానిలో కూడా 81,000 పౌండ్ల దాకా ఇచ్చేశాడు.

డెబ్బయ్యో ఏట మొదలుపెట్టి 17 ఏళ్లపాటు ఆయన దేశదేశాలు తిరిగి బోధించాడు. 1890 జనవరిలో మన జబల్పూరులో ఉండగా తంతి వచ్చింది. బ్రిస్టల్‌లో ఒక్కగానొక్క కూతురు లిడియా చనిపోయింది. తండ్రికి ఆ వార్త అందింది వేల మైళ్ల దూరంలో.

1898 మార్చి 9 సాయంత్రం ఆశ్రమంలో ప్రార్థన కూడిక నడిపించి గదికి వెళ్లాడు. మర్నాడు ఉదయం టీ తెచ్చినవారికి ఆయన నేల మీద ప్రాణం లేకుండా కనిపించాడు. వయసు 92. ఆయన వదిలివెళ్లిన ఆస్తి సుమారు 160 పౌండ్లు. అందులోనూ ఎక్కువ భాగం పుస్తకాల, ఇంటి సామాను వెలే. తర్వాత పరిచర్య బాధ్యతను అల్లుడు జేమ్స్ రైట్ నడిపించాడు. ఆర్నోస్ వేల్ శ్మశానవాటికలో ముల్లర్‌కు ఒక సమాధి రాయి ఉంది. అక్కడ పెరిగిన అనాథలే ఇష్టపూర్వకంగా ఇచ్చిన కానుకలతో దాన్ని నిలబెట్టారు.