బురదలో బుడగలు పట్టినవాడు

నాలుగేళ్లు వచ్చినా మాటలు రాలేదు. పిల్లాడు మందబుద్ధేమోనని ఇంట్లోవాళ్లు దిగులుపడ్డారు. ఏడేళ్లప్పుడు తండ్రి పోయాడు. కాస్త పెద్దయ్యాక లాయర్ అవ్వమని బంధువులు, మతగురువు అవ్వమని చదువు చెప్పినవాళ్లు పట్టుబట్టారు. ఆ కుర్రాడు ఎవరి మాటా వినలేదు. దొరికిన పుస్తకమల్లా చదివి సైన్స్ సొంతంగా నేర్చుకున్నాడు. పద్దెనిమిదేళ్లకే పేరున్న శాస్త్రవేత్తలకు ఉత్తరాలు రాశాడు. ఆయనే అలెస్సాండ్రో వోల్టా. పుట్టింది 1745లో, ఇటలీలోని కోమోలో.

సొంత ఊరి బడిలో ఉద్యోగం వచ్చేసరికి 29 ఏళ్లు. 1776లో మజోరే సరస్సు ఒడ్డున బురదను కర్రతో కదిపితే బుడగలు పైకొచ్చాయి. ఆ గాలిని సీసాలో పట్టి నిప్పు చూపిస్తే మండింది! అదే మీథేన్. మన ఊళ్లలో గోబర్ గ్యాస్ పొయ్యి మండేదీ దాంతోనే. మండే గాలిని విద్యుత్ నిప్పురవ్వతో పేల్చే పరికరాన్నీ వోల్టా తయారుచేశాడు. పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ చేసే పని కూడా ఇలాంటిదే.

అసలు మలుపు ఇంకొకరి ల్యాబ్‌లో అనుకోకుండా మొదలైంది. బొలోనాలో గాల్వానీ అనే వైద్యుడు చచ్చిన కప్పను కోసి పరిశీలిస్తుంటే, కత్తి నరానికి తగలగానే దాని కాలు ఎగిరిపడింది. జంతువు శరీరంలోనే విద్యుత్ ఉందని ఆయన 1791లో ప్రకటించాడు. వోల్టా మొదట మెచ్చుకున్నాడు. కానీ తానే చేసి చూశాక అనుమానం వచ్చింది. కప్పకు తగిలించిన రెండు వేర్వేరు లోహాల వల్లే కరెంటు పుడుతోందేమో? ఏళ్ల తరబడి వాదం నడిచింది. మాటలతో తేలదని వోల్టా కప్పనే పక్కన పెట్టేశాడు. వెండి, జింక్ బిళ్లలను ఒకదానిపై ఒకటి పేర్చి, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టాడు. కరెంటు ఆగకుండా వచ్చింది. 1800లో లోకానికి తెలిసిన తొలి బ్యాటరీ అదే. అది చూడకుండానే గాల్వానీ 1798లో కన్నుమూశాడు. అలాగని ఆయనదీ పూర్తిగా తప్పు కాదు. నరాల్లో విద్యుత్ సంకేతాలు ఉంటాయని తర్వాత తేలింది.

వార్త లండన్ చేరిన కొద్ది వారాలకే నికల్సన్, కార్లైల్ అలాంటి బ్యాటరీ కట్టారు. తీగ సరిగా ఆనడం లేదని ఓ నీటిచుక్క వేస్తే అందులోంచి బుడగలు లేచాయి. అది హైడ్రోజన్! ఇవాళ గ్రీన్ హైడ్రోజన్ తయారీకి మూలం ఆ చుక్కే.

1801లో నెపోలియన్ తన ముందు ప్రయోగం చేయించుకుని వోల్టాను సత్కరించాడు. 1827లో ఆయన చనిపోయాడు. 1881లో వోల్ట్ ఆయన పేరు మీద కొలమానమైంది.

బయోగ్యాస్, ఎలక్ట్రిక్ బండి, హైడ్రోజన్.. పెట్రోల్‌కి బదులుగా ఇప్పుడు వెతుకుతున్న మూడు దారుల్లోనూ వోల్టా అడుగులున్నాయి. ఇంటర్వ్యూలో వోల్ట్ నిర్వచనం ఎవరైనా చెబుతారు. ఈ కథ తెలిస్తే ఆ తర్వాతి ప్రశ్నకీ తడుముకోరు. అన్నట్టు, బురదలో బుడగలు ఆయనకంటే ముందు ఎంతోమంది చూసే ఉంటారు. సీసా పట్టుకెళ్లిన కొద్దిమందిలో ఆయన ఒకడు.