రైలు తెచ్చిన దివాన్

హైదరాబాద్ నుంచి నేరుగా గల్ఫ్ విమానాలు లేని రోజుల్లో మనవాళ్లంతా బొంబాయి వెళ్లి విమానం ఎక్కేవారు. హైదరాబాద్ నుంచి వెళ్లినా, కడప నుంచి వెళ్లినా దారిలో వాడి జంక్షన్ తగిలేది. ఆ వాడి నుంచి సికింద్రాబాద్‌కు మొదటి రైలు 1874లో వచ్చింది. అప్పుడు హైదరాబాద్ దివాన్ మొదటి సాలార్‌జంగ్. (మ్యూజియం సాలార్‌జంగ్ ఈయన మనవడు. అయితే అందరూ ఎగబడి చూసే మేలిముసుగు రెబెకా బొమ్మ మాత్రం తాతగారు 1876లో ఇటలీలో కొన్నదే.)

అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. 1829లో పుట్టారు. 1853లో బాబాయి చనిపోతే 24 ఏళ్లకే దివాన్ అయ్యారు. అప్పటికి ఖజానా ఖాళీ. బాకీల పేరుతో ఆ ఏడాదే ఇంగ్లీషువాళ్లు బేరార్‌ను తమ చేతికింద పెట్టుకున్నారు. పన్ను వసూలు కాంట్రాక్టర్ల చేతుల్లో ఉండేది. రైతును పిండినంత పిండి, సర్కారుకు తోచినంత కట్టేవారు. సాలార్‌జంగ్ ఆ పద్ధతి తీసేసి జిల్లాలు ఏర్పాటుచేసి, జీతాల మీద పనిచేసే అధికారుల్ని పెట్టారు. ఖజానా కోలుకుంది.

ఇక రైలు. సికింద్రాబాద్ కంటోన్మెంటును బొంబాయి లైనుతో కలపడం ఇంగ్లీషువాళ్లకు అవసరం. డబ్బు మాత్రం నిజాం సర్కారుది! బయటి మదుపరులు వస్తారనుకుంటే సరిగా రాలేదు. చివరికి భారం ఖజానా మీదే పడింది. లైను ముందుకు పొడిగించాలంటే ఇంకా డబ్బు కావాలి. అందుకే లండన్‌లో ప్రైవేటు కంపెనీ పెట్టించే బేరం మొదలైంది. బేరమాడింది అబ్దుల్ హక్ అనే అధికారి.

అది తేలకముందే 1883 ఫిబ్రవరి 8న సాలార్‌జంగ్ కలరాతో హఠాత్తుగా పోయారు. బేరార్‌ను వెనక్కి తేవాలన్న కోరిక కూడా తీరలేదు. దానికోసం 1876లో ఇంగ్లండ్ దాకా వెళ్లొచ్చినా ఫలితం లేకపోయింది.

ఆయన పోయిన కొద్ది నెలలకే చాందా రైల్వే గొడవ రేగింది. ఒప్పందంలో ఏముందో జనానికి చెప్పాలని పట్టుబట్టినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను రాజ్యం నుంచే పంపించేశారు. లెక్క అడిగితే దేశబహిష్కారం అన్నమాట. ఆ ఏడాది చివరకు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పుట్టింది. ఆ పేరులోని గ్యారంటీ మాటే అసలు కిటుకు. రైళ్లు నిండుగా నడిచినా, ఖాళీగా నడిచినా వాటాదార్లకు 20 ఏళ్లపాటు 5 శాతం రాబడి ఖాయం. తగ్గితే ఖజానా నింపాలి. పోటీ లేదు, నష్టభయమూ లేదు. దాన్ని ప్రైవేటు వ్యాపారం అనడం కష్టమే. అబ్దుల్ హక్ కుదిర్చిన గనుల ఒప్పందం మీద 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ కూడా జరిపింది.

పని మాత్రం జరిగింది, కాదనలేం. రైలు 1886లో వరంగల్ చేరింది, 1889లో బెజవాడ. సింగరేణి బొగ్గు కదిలింది ఈ లైను మీదే.

2020లో రైల్వే శాఖ 109 మార్గాల్లో 151 ప్రైవేటు రైళ్లకు పిలుపునిచ్చింది. అందులో సికింద్రాబాద్ క్లస్టర్ కూడా ఉంది. ఈసారి రాబడికి అలాంటి హామీ లేదు. ముందుకొచ్చినవాళ్లు కొద్దిమందే, పథకం ఆగిపోయింది.

సాలార్‌జంగ్ కాలంలో మొదలైన ఆ లైన్లను 1930లో నిజాం సర్కారు డబ్బిచ్చి కంపెనీ నుంచి తిరిగి కొనుక్కుంది. ఆయన సమాధి హైదరాబాద్ పాతబస్తీలో, దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది.